పందులు ముందే చెప్పాయి

మా దోమల నివారణ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కనబడితే నన్ను అడిగేది ఒకటే మాట. "మావా, మీ సర్వీసు మొత్తంలో ఎన్ని దోమల్ని పట్టుంటారు?" నేను లెక్క పెట్టలేదు. లెక్కలు వచ్చినవాణ్ణే అయితే ఈ ఉద్యోగంలోకి వచ్చేవాణ్ణి కాదు. తొమ్మిదో తరగతిలో లెక్కల పరీక్షకు బయల్దేరి, సగం దారిలో తోలుబొమ్మలాట వాళ్ల బండి కనబడితే దాని వెనకాల వెళ్లిపోయాను. మళ్లీ బడి మొహం చూడలేదు. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. తరువాత గోడలకు మందు కొట్టే కూలీగా ఈ శాఖలో దూరి, ఏళ్ల తరబడి దూరుతూ దూరుతూ ఇన్సెక్ట్ కలెక్టర్‌నయ్యాను.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ పుట్టింటికి వెళ్లి, ఆ పేరులో మొదటి మాట మింగేసి రెండోదే చెప్పింది. కొన్నాళ్లు మా అత్తవారి ఊళ్లో నన్ను చూడగానే అరుగుల మీదివాళ్లంతా లేచి నిలబడేవారు. ఒకరోజు ఆ ఊళ్లోనే డ్యూటీ పడింది. పశువులశాలలో, నోట్లో గొట్టం పెట్టుకుని గేదె పొట్ట కింద చతికిలబడ్డ కలెక్టరును చూశారు. ఆ తరువాత ఎవరూ లేవలేదు.

ఇదంతా మిమ్మల్ని కాస్త నవ్వించి కూర్చోబెట్టడానికి చెప్పాను. ఇప్పుడు చెప్పేది నవ్వే సంగతి కాదు. నేను రిటైరై కొన్నేళ్లయింది. బీపీ మాత్ర వేసుకుని మరీ ఈ సంగతి తలుచుకుంటాను. అయినా బీపీ పెరుగుతుంది.

ముందు పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మెదడువాపు జ్వరం తెచ్చే వైరస్ ఒకటి ఉంది. దాని సొంత ఇల్లు కొంగలు. వరిచేలల్లో పుట్టే దోమ కొంగను కుట్టి, దాన్ని మోసుకుని వచ్చి పందిని కుడుతుంది. పందిలో అది నాలుగు రోజులు తెగ పెరుగుతుంది. ఆ నాలుగు రోజుల్లో పందిని కుట్టిన ప్రతి దోమా వైరస్ నింపుకుని ఊరి మీద పడుతుంది. కొంగకు ఏమీ కాదు. పందికీ పెద్దగా ఏమీ కాదు. మనిషికి, అందులోనూ చిన్నపిల్లలకు, జ్వరం వచ్చి ఫిట్సు వస్తాయి. కొందరు పోతారు. మిగిలినవాళ్లలో కొందరు మిగిలీ మిగలనట్టు ఉండిపోతారు.

అంచేత పిల్లలకు రాకముందే సంగతి పసిగట్టాలంటే పందుల్ని చూడాలి. పాలు మానిన పందిపిల్లలను ఒకచోట ఉంచి, అప్పుడప్పుడు రక్తం తీసి చూస్తారు. రక్తంలో వైరస్ జాడ కనబడిందంటే దోమలు ఆ ఊళ్లో దాన్ని మోసుకు తిరుగుతున్నట్టే. అప్పుడు ఊళ్లో పిల్లలకు టీకాలు వేయించి, పెద్దలకు దోమతెరలు పంచి, పశువులశాలల్లో మందు కొట్టిస్తే, జ్వరం గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతుంది. అలా ఉంచిన పందుల్ని మా శాఖలో కాపలా పందులు అంటారు. నా మటుకు, ఆ శాఖలో నిజంగా కాపలా కాసిన ఉద్యోగులు అవే.

మా పని పడిన ఊరు గజపతినగరంలో బస్సు దిగి, ఆటో ఎక్కి లోపలికి వెళితే వస్తుంది. చుట్టూ వరిచేలు. ఊరి నడిమధ్య పెద్ద పెద్ద చింతచెట్లు. తొలకరి పడగానే తెల్లకొంగలు, గుడ్డికొంగలు వచ్చి ఆ చెట్ల నిండా గూళ్లు కడతాయి. కింద ఇళ్ల కప్పులు, బట్టలు, మనుషుల తలలు అన్నీ తెల్లగా అయిపోతాయి. అయినా ఆ ఊళ్లో ఒక్కరూ కొంగ మీద రాయి వేయరు. వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులంటారు. దీపావళికి టపాసులు కాల్చరు, ఆడపడుచులు బెదురుతారని. ఇది నాకు చాలా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

మొదటి రోజున ఆ చెట్లకేసి చూస్తూ, ఒక కొంగ రక్తం కూడా దొరికితే బాగుండును అన్నాను. పక్కనే సర్పంచిగారి భర్త ఉన్నాడు. సర్పంచి ఆమె. కుర్చీ, కండువా, మాట ఆయనవి.

"ఏటయ్యా, మా ఆడపడుసుల రత్తం తీస్తావా? నీ ఇంటికి ఆడపడుసొస్తే సూదట్టుకునే ఎదురెల్తావేటి?" అన్నాడు.

"మా ఆడపడుచు వస్తే నా రక్తమే తీస్తుందండి" అన్నాను. అందరూ నవ్వారు. కొంగల మాట అక్కడితో వదిలేశాం.

పందులు కావాలంటే కాలవ దాటి వెళ్లాలి. పందులు పెంచుకునేవాళ్ల ఇల్లు ఊళ్లో ఎక్కడుంటుందో నేను చెప్పాలా? అక్కడ ఒక ఆడమనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద, భర్త పోయాక పందుల మీదే ఇల్లు నడుపుకుంటోంది. నేను గొట్టం, టార్చిలైటు, సంచీ వేసుకుని వెళ్లేసరికి తవుడు కలుపుతోంది.

"దోమల బాబువి కదా నువ్వు. పందుల కాడికెందుకొచ్చేవు?"

"దోమలే పంపేయప్పా. మీ పందులు కులాసాగా ఉన్నాయో లేదో చూసి రమ్మన్నాయి."

"కులాసాగానే ఉన్నాయని సెప్పు. కరిసింది సాలని కూడా సెప్పు."

మా వైపు అక్కను అప్ప అంటాం. అలా ఆమె నాకు అప్ప అయింది, నేను తమ్ముణ్ణి అయ్యాను. కానీ పందిపిల్లలను దొడ్లో కట్టి ఉంచాలనేసరికి ఆమె ముఖం మారింది.

"ఇనుకో తమ్ముడా. ఊరల్లా తిరిగి తింటాయి గనకే నాకు గడుస్తన్నాది. దొడ్లో పెట్టీసి నానేటి పెట్టాలి వాటికి? అదీగాక, ఇడిసిన పందిని ఎవుడు పట్టగలడు? మూసిన పందినైతే ఎవుడైనా పట్టుకుపోతాడు."

ఈ ఆఖరి మాట మీరు గుర్తుంచుకోవాలని చెప్పడం లేదు. నేనే మరిచిపోలేకపోతున్నాను.

మా పెద్దసారు స్వయంగా వచ్చారు. పెద్దసారు అంటే మా జిల్లా అధికారి. బాగా చదువుకున్నవాడు, బాగా మాట్లాడతాడు, చొక్కా ఎప్పుడూ నలగదు. పంచాయతీ ఆఫీసు ముందు, ఊరంతా వింటుండగా, "ఈ పందులు ప్రభుత్వానికి కళ్లమ్మా. వీటిని ఎవరూ ముట్టుకోరు. దాణా మేం ఇస్తాం. ఇది నా మాట" అన్నారు. అప్ప ఆయనకేసి చూడలేదు. నాకేసి చూసింది.

"నువ్వేటంటావు తమ్ముడా?"

"సారు అంతమందిలో చెప్పాక ఇంకేటుందప్పా?" అన్నాను. అంతమందిలో చెప్పిన మాటకు అంతమందే సాక్ష్యం కదా అనుకున్నాను. ఆ సాక్షులే తరువాత ఏం చేశారో వస్తుంది, వినండి.

ఆమే కర్రలు నరికి, తడికె కట్టి దొడ్డి వేసింది. మా పశువుల డాక్టరమ్మ వచ్చి పందిపిల్లల చెవులకు గుర్తుగా చిన్న గంటు పెట్టింది. డాక్టరమ్మది మా అమ్మాయి ఈడు. స్కూటీ మీద వచ్చేది. బురదలో స్కూటీ ఆగిపోతే చెప్పులు విప్పి నడిచి వచ్చేది. గంటు పెట్టిన రోజున అప్ప అలిగింది. "సెవులు కుట్టించుకుంటారు గాని కోయించుకుంటారేటి?" అని రెండుసార్లు గొణిగి, తరువాత తనే ఒక్కొక్క పిల్లనూ ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. మేమిద్దరం పట్టుకుంటే ఊరు లేచిపోయేలా అరిచే పిల్లలు ఆమె ఒళ్లో సూది గుచ్చినా కిక్కురుమనేవి కావు. ఒక పిల్ల మాత్రం సూది కనబడగానే మూత్రం పోసేది. దానికి ఆమె కలెక్టరు అని పేరు పెట్టింది. "నీ పేరే తమ్ముడా, ఏటీ అనుకోకు" అంది.

సాయంత్రం నా పని వేరే. చీకటి పడే వేళ పశువులశాలలకు వెళ్లి, గొట్టంతో దోమల్ని పీల్చి గాజు గొట్టాల్లో నింపి పంపాలి. ఊళ్లో నేను ఎక్కువగా కూర్చునేది ఒక రైతుబిడ్డ శాలలో. ఆ ఇంటి ఇల్లాలు నన్ను మావా అనేది. వాళ్లకు ఒక ఆడపిల్ల. నాలుగో తరగతి. చాలా మాటకారి. "తాతా, దోమ నోట్లోకెల్లిపోతే నీ కడుపులో కుడతాదేటి?" అని అడిగింది ఒకరోజు. గొట్టం మధ్యలో వలగుడ్డ ఉంటుంది, నోట్లోకి రావు అని చూపించాను. "మరి గుడ్డ సిరిగితే?" అంది. అసలు ప్రశ్న అదే. మా శాఖలో ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేను చూడలేదు.

నాట్లు అయ్యాయి. చేలు నిండాయి. గొట్టాలు చాలనన్ని దోమలు పడుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం డాక్టరమ్మ మా ఆఫీసుకే వచ్చింది. ఫోనులో చెప్పే సంగతి కాదని తెలిసి వచ్చింది. దొడ్లో పందిపిల్లల రక్తం మారింది. పోయినసారి లేని జాడ ఈసారి దాదాపు అన్నిటిలోనూ ఉంది.

పెద్దసారు గదిలో అప్పుడు ఐదారుగురున్నారు. నేను దోమల డబ్బా అప్పగించడానికి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సార్, వైరస్ తిరుగుతోంది. ఆ ఊరు, చుట్టుపక్కల ఊళ్లు, పిల్లలకు వెంటనే టీకాలు మొదలుపెట్టాలి" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడా? వచ్చే వారం పైనుంచి సమీక్షకు వస్తున్నారు. మన దగ్గర మెదడువాపు లేదని నిరుడే చెప్పాం. ఒక్క మనిషికైనా వచ్చిందా?"

"మనిషికి రాకముందు తెలుసుకోవడానికే కదా సార్ పందుల్ని పెట్టాం."

"పందులకు వస్తే మెదడువాపు ఎలా అవుతుంది డాక్టర్? ముందు వాటికి మెదడుండాలి కదా" అన్నారు సారు.

గదంతా నవ్వింది. నేను బతుకంతా జోకులు వేసి బతికినవాణ్ణి. ఏ జోకు దేనికి వేస్తారో నాకు తెలుసు. కొన్ని జోకులు మనిషిని దగ్గరకు లాగడానికి వేస్తారు. కొన్ని ఎదుటివాడి మాట తలుపు బయటే ఆపడానికి వేస్తారు. ఆయనది రెండోది. డాక్టరమ్మతో సారు, "సమీక్ష అయ్యాక చూద్దాం" అన్నారు. టీ వచ్చింది. ఆమె తాగకుండా వెళ్లిపోయింది.

సమీక్ష జరిగింది. బాగా జరిగిందన్నారు.

ఆ తరువాత ఒకరోజు ఆ నాలుగో తరగతి పిల్ల బడి నుంచి ఒళ్లు కాలుతూ వచ్చింది. రాత్రి వాంతులు, తెల్లారేసరికి ఫిట్సు. ఆటోలో గజపతినగరం తీసుకుపోయారు, అక్కణ్ణించి విజయనగరం, అక్కణ్ణించి విశాఖపట్నం. పిల్ల బతికింది. చెప్పేస్తున్నాను, మీరు కంగారు పడకండి. బతికింది, కానీ ఆ మాటకారి మాట పోయింది. కుడి చెయ్యి స్వాధీనం తప్పింది.

అప్పుడు వచ్చింది మా శాఖ. ఎలా వచ్చిందనుకున్నారు? పొగ యంత్రం వచ్చింది. జీపులు వచ్చాయి. వీధుల వెంట బ్లీచింగ్ పొడితో తెల్లగీతలు గీశారు. దోమ ఆ గీత దగ్గరకు వచ్చి ఆగి, ఇక్కడ గవర్నమెంటువారు గీత గీశారు, దాటకూడదు అనుకుంటుందని మా శాఖలో ఎవరో కనిపెట్టి ఉంటారు. కెమెరాలవాళ్లు వచ్చారు. ఊరు ఊరంతా బయటికి వచ్చి, అంతా అయ్యాక వచ్చారేమని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కావాలి. జవాబు కాలవ అవతల, తడికె వెనకాల, చెవులకు గంట్లతో సిద్ధంగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఇనపజాలీ వ్యాను వచ్చింది. ఎక్కడివాళ్లో, పందులు పట్టేవాళ్లు తాళ్లు పట్టుకుని దిగారు. ఊళ్లో తిరిగే పందులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటి అసలు యజమానులు ఊరిలోపలి పెద్దమనుషులే, పెంపకం మాత్రం కూలికి ఇస్తారు. వ్యాను చప్పుడు వినగానే అవన్నీ చెరకు తోటల్లోకి పరిగెత్తాయి. పట్టేవాళ్లు కాసేపు బురదలో పడి లేచారు. ఒక్కటీ దొరకలేదు. అప్పుడు సారుతో సహా అందరూ అప్ప దొడ్డి దగ్గరకు వచ్చారు. మూసిన పందులు అవే. మా కోసం మూసినవి.

డాక్టరమ్మ స్కూటీని రోడ్డు మీదే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"సార్, వద్దు. వీటి రక్తంలో రక్షణ వచ్చేసింది. ఇక వీటి నుంచి దోమకు వైరస్ ఎక్కదు. తట్టు ఒకసారి పోసిన పిల్లకు మళ్లీ పోయనట్టే. ఈ ఊళ్లో ఇప్పుడు భయం లేని పందులంటూ ఉంటే ఇవే. వీటిని తీసేస్తే రేపు వాటి చోట్లోకి కొత్త పిల్లలొస్తాయి. ప్రమాదం వాటితో."

సారు తెలియక చేశాడని చెప్పుకుంటే నాకు ఈ కోపం ఉండేది కాదు. తెలియనివాడి మీద ఎంతసేపు కోపగించుకుంటాం? ఆయన డాక్టరమ్మను కాస్త పక్కకు పిలిచి, నాకు వినబడేంత మెల్లగా అన్నాడు.

"నాకూ తెలుసు డాక్టర్. మీరు చదివిన పుస్తకమే నేనూ చదివాను. కానీ వీళ్లకు ఏదో ఒకటి కనబడాలి. దోమను పట్టామంటే కనబడుతుందా? పంది కనబడుతుంది."

తెలుసు. టీకా ఆపినప్పుడు తెలుసు. జోకు వేసినప్పుడు తెలుసు. ఇప్పుడూ తెలుసు.

అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. సారుకేసి తిరిగింది.

"నా పందులు సెప్పినాయి కాదేటి బాబూ? రత్తంలో ఒచ్చింది అనీసి మీ డాక్టరమ్మే అన్నాది. సెప్పినోల్లనే పట్టుకెల్తారేటి?"

సారు సెల్‌ఫోను చూసుకున్నారు. జవాబు గుంపులోంచి వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు సారు మాట ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టిన సాక్షుల్లో ఒకడు.

"ఒసే, నీ పందులే కదే మా పిల్లని తినీసినాయి. ఇంకా మాటాడుతున్నావేటి?"

"నా పందులా?" అంది అప్ప. అని, ఒక్కసారి తలెత్తి ఊరి మధ్య చింతచెట్లకేసి చూసింది. చెట్ల నిండా కొంగలు, గూళ్లలో పిల్లలు. ఒక్క మాట అంటే చాలు, నింద సగం అక్కడికి పోయేది. డాక్టరమ్మ ఆమెకు అంతా విడమరిచి చెప్పింది, ఆమెకు తెలుసు. కానీ తల దించుకుంది. ఆడపడుచుల మీదకు నింద తోయలేదు. ఆ ఊరు ఆమెను ఎప్పుడూ ఊరిలోపలికి రానివ్వలేదు. ఆ రోజు ఊరి మర్యాద కాపాడింది మాత్రం ఆమే.

కొంగది తప్పా? కాదు. దోమది తప్పా? దాని బతుకది. మరి పందిది ఏమిటి? కొంగను పూజించే ఊరూ, కొంగ జోలికి పోని అధికారీ, ఇద్దరూ కలిసి పందిని పట్టుకున్నారంటే అది వైరస్ గురించిన లెక్క కాదు. కాలవకు ఇవతల ఎవరు, అవతల ఎవరు అన్న లెక్క. నాకు లెక్కలు రావు గానీ ఈ లెక్క వచ్చు.

నేను వెళ్లి దొడ్డి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఆలోచించుకోలేదు. కాళ్లు అటు వెళ్లాయి.

"ఏటి బావా, నువ్వూ వస్తావా వ్యానులోకి?" అన్నాడు పట్టేవాళ్లలో ఒకడు.

"ముందు నన్ను ఎక్కించండి. తరువాత వీటిని" అన్నాను.

గుంపులో నవ్వు మొదలైంది. సర్పంచిగారి భర్త కూడా నవ్వాడు. "మన దోమల బాబు మల్లీ మొదలెట్టేడు" అన్నాడు. సారు కూడా నవ్వుతూ, "ఇక చాల్లే, నీ హాస్యం తరువాత, లే" అన్నారు.

"నేను హాస్యమాడటం లేదు సార్."

ఈ మాటకు ఇంకా ఎక్కువ నవ్వారు. జీవితంలో అంత పెద్ద నవ్వు నా ఏ జోకుకూ రాలేదు. ఇద్దరు మనుషులు వచ్చి, చంకల్లో చేతులు వేసి, పెళ్లికొడుకును లేపినట్టు లేపి, పక్కన కూర్చోబెట్టారు. వాళ్లూ నవ్వుతూనే ఉన్నారు. నవ్వని మనుషులు ఇద్దరే. ఒకరు అప్ప, ఒకరు డాక్టరమ్మ. ఇన్నేళ్లూ అందరినీ నవ్వించుకుంటూ తిరిగినందుకు, నిజంగా ఒక మాట అన్న రోజున నాకు దక్కింది అది. మీలో ఎవరైనా నాలాంటివాళ్లుంటే, వారానికి ఒక్క రోజైనా ముఖం ముడుచుకుని తిరగండి. అక్కరకొస్తుంది.

పందిపిల్లలు అరిచిన అరుపు నేను రాయను. కలెక్టరు అన్న పిల్ల మూత్రం పోసుకుంటూనే వెళ్లింది. వ్యాను కదిలింది. ఎక్కడికి తీసుకుపోయారని అడిగితే దూరంగా వదిలేస్తామన్నారు. ఎక్కడో ఎవరూ చెప్పలేదు. చెరకు తోటల్లోకి పారిపోయిన పందులు సాయంత్రానికి తీరుబడిగా ఊళ్లోకి తిరిగొచ్చాయి.

ఆ తరువాత ఆ ఊళ్లో టీకాల శిబిరం పెట్టారు. మంచిదే. పిల్లలంతా ఏడ్చుకుంటూ సూదులు వేయించుకున్నారు. మొదటి సూది వేస్తుంటే పక్కన సారు నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆ సూది డాక్టరమ్మ అడిగిన రోజున వేసి ఉంటే ఆ నాలుగో తరగతి పిల్ల కూడా ఆ వరసలో నిలబడి, సూది విరిగిపోతే ఏమవుతుందని అడిగి ఉండేది.

మరుసటి ఏడు తొలకరికి సారు నన్ను పిలిచారు. పందుల రక్తం చూసే పని మళ్లీ మొదలుపెట్టాలి, పైనుంచి అడుగుతున్నారు.

"ఆవిడ నీ మాట వింటుంది కదా, వెళ్లి ఒప్పించు. ఈసారి షెడ్డు కట్టిద్దాం."

"పోయినేడు మాటిచ్చింది మీరు కదా సార్. మీరే వస్తే బాగుంటుంది."

"నాకు మీటింగుంది" అన్నారు.

నేను వెళ్లాను. ఆమెను ఒప్పించడానికి కాదు, చూడటానికి. అప్ప ఇంటి ముందు పొయ్యి వెలిగించి అన్నం వండుతోంది. దొడ్డి లేదు. దాని కర్రలే విరిచి పొయ్యిలో పెడుతోంది.

"ఇవేటప్పా?"

"మీ సారు మాటలు తమ్ముడా. బాగా ఎండినాయి. బాగా మండుతన్నాయి."

కూర్చోమంది. గంజి ఇచ్చింది. నేను వచ్చిన పని చెప్పలేదు. ఆమే చెప్పింది.

"మల్లీ పెంచమంటారు, అంతేనా? ఎల్లి సెప్పు. ముందు పిల్లలకి సూదెయ్యమను. తరవాత నా కాడికి రమ్మను. పందులు సెప్తే ఇంటామని కాదు, పందులు సెప్పకముందే ఏస్తామని రమ్మను. అప్పుడు నానే తడికె కడతాను."

ఈ మాట ఉన్నది ఉన్నట్టు తెచ్చి సారుకు చెప్పాను. "స్థానికుల సహకారం లేదన్నమాట" అన్నారు. ఆ ఒక్క ముక్కే పైకి వెళ్లింది. ఆ వర్షాకాలం అప్ప ఇల్లు మూసి, కొత్తవలసలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లిపోయింది.

ఏడాది చివర సమీక్షలో నేనూ ఉన్నాను. రిటైరవబోతున్నానని వెనక వరసలో కుర్చీ ఇచ్చారు. మా జిల్లాలో పందులలో వైరస్ జాడ కనబడలేదని సారు చెప్పారు. నిజమే చెప్పారు. ఒక్క పందినీ చూడకపోతే ఒక్క పందిలోనూ కనబడదు. వాకిట్లో కుక్కను తరిమేసి, మొరుగుడు వినబడటం లేదు గనక ఊళ్లో దొంగలు లేరని చెబితే మీరు చప్పట్లు కొడతారా? అక్కడ కొట్టారు. నేను లేచి ఈ మాటే అన్నాను. ఏమైందో మీకు తెలుసు. నవ్వారు.

మొన్న వర్షాలకు ఆ ఊరు వెళ్లాను. పని లేదు, మనసు పుట్టి వెళ్లాను. కొంగలు వచ్చేశాయి. చేలు నిండుగా ఉన్నాయి. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదయింది. అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది. మాట లేదు. వాళ్లమ్మ లోపల్నించి వచ్చింది. చంకలో మగపిల్లాడు. శిబిరం అయిపోయాక పుట్టినవాడు.

"రా మావా, కూకో. దోమలు మల్లీ మా జోరుగున్నాయి" అంది. మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు తిరిగి తీసుకుంటూ అడిగింది.

"ఈ ఏడు ఏటి సెప్పింది మావా, పందుల రత్తం?"

వ్యాను వచ్చిన రోజున ఈమె ఆసుపత్రిలో ఉంది. తరువాత అందరూ చెప్పిందే విన్నది. ఎప్పుడో ఎవరో నిజం చెప్పి ఉంటారు.

"ఏ పందులమ్మా?" అన్నాను.

ఆమె కాలవ అవతలికి చూసింది. అక్కడ గడ్డి పెరిగి ఉంది. చంకలో పిల్లవాణ్ణి ఇంకొంచెం పైకి ఎత్తుకుంది.

"మరైతే మాకెలా తెలుస్తాది?"

ముందు వాడికి టీకా వేయించమని చెప్పాను, గజపతినగరం ఆసుపత్రికి నేనే వెంట తీసుకెళ్లాను. వాడికి సూది పడింది. అది ఒక్క పిల్లవాడి సంగతి. ఆమె ప్రశ్న అడగాల్సిన చోటు సమీక్ష, నన్ను ఇప్పుడు ఏ సమీక్షకూ పిలవరు. ఈ శాఖలో కొత్తగా చేరినవాళ్లు, మీరు వెళతారు. వెనక వరసలో కుర్చీ దొరికినా సరే, టీ వచ్చేలోపు లేచి ఆ మాట అడగండి. నవ్వితే, మళ్లీ అడగండి.